అవనిగడ్డ దాకా ఆపుకోండి

ముప్పై ఏళ్ళ నర్సు ఉద్యోగంలో నా చేతుల మీదుగా వెళ్ళిన మందులకు లెక్క లేదు. వాటిలో ప్రాణం ఉన్న మందు మాత్రం ఒక్కటే. ఈ నాలుగు మాటలూ దాని గురించే.

రాయమన్నది మా మేనకోడలు శాంతి. అదీ నర్సే, హైదరాబాదులో ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో చేస్తోంది. రోగి రక్తంలోంచే కొన్ని కణాలు తీసి, వాటికి క్యాన్సర్‌ను గుర్తుపట్టడం నేర్పి, మళ్ళీ ఆ రోగికే ఎక్కించే వైద్యం వాళ్ళ దగ్గర మొదలుపెట్టారట. ఆ కణాలున్న సంచీ గడ్డకట్టి వస్తుందట, కరిగించాక ఆలస్యం చేయకూడదట. "అత్తా, ఇది బతికున్న మందు. మీ రోజుల్లో ఇలాంటిది ఊహించి కూడా ఉండరు" అంది ఫోనులో.

నాకు రోషం వచ్చింది. "నువ్వు పలక పట్టకముందే నేను బతికున్న మందుని చంకన పెట్టుకుని బెజవాడ స్టేషన్లో మెట్లు ఎక్కి దిగానే" అన్నాను. అయితే రాసిపెట్టు, మా కొత్త పిల్లలకి చదివిస్తాను అంది. సరే, రాస్తున్నాను. ఎవరు ఎప్పుడు హెడ్ నర్సు అయ్యారు, ఏ రిజిస్టరు ఎలా నింపాలి అన్నవి వదిలేస్తాను. అవి ఉద్యోగంలో చేరిన వారానికి ఎవరికైనా వచ్చేస్తాయి. మనిషితో మాట్లాడడం ఉంది చూశారూ, అది నాకు ఇరవై ఏళ్ళకి గానీ రాలేదు. అది కూడా ఒక బస్సు డ్రైవరు నేర్పితే వచ్చింది.

మల్లెపూల ఫ్రిజ్

తొంభైల నడుమ నేను విజయవాడ సూర్యారావుపేటలో ఒక చిన్న ఆసుపత్రిలో చేరాను. కిడ్నీలు, మూత్రాశయం జబ్బులు చూసేవారు. మా పెద్ద డాక్టరు మాధవరావుగారు. ఆయన గొంతు పెంచడం నేనెన్నడూ వినలేదు. మామూలుగా నన్ను "అమ్మాయ్" అని పిలిచేవారు, నాకు నలభై దాటినా సరే. కోపం వచ్చినప్పుడు మాత్రం "సిస్టర్‌గారూ" అనేవారు. ఆయన నోట 'గారు' వచ్చిందంటే వార్డులో అందరికీ చెమటలు పట్టేవి.

మూత్రాశయం లోపలి గోడకి క్యాన్సర్ వచ్చినవాళ్ళు మా దగ్గరికి వచ్చేవారు. అది ఇంకా పైపొరలోనే ఉంటే, సన్నని గొట్టంతో లోపలికి వెళ్ళి గడ్డని గీకి తీసేవారు డాక్టరుగారు. గీకితే సరిపోదు, అది మళ్ళీ మొలుస్తుంది. అందుకని పుండు మానాక వారానికి ఒకసారి చొప్పున ఆరు వారాలు లోపల ఒక మందు నింపేవాళ్ళం. ఆ మందు మరేదో కాదు, పసిపిల్లలకి భుజం మీద వేసే బి.సి.జి. టీకాయే. మోతాదు మాత్రం ఎన్నో రెట్లు. క్షయ క్రిమికి దగ్గర చుట్టమైన ఒక క్రిమిని తీసుకుని, దాని కోరలు పీకి, ప్రాణం మాత్రం ఉంచి, పొడిచేసి సీసాలో పెడతారు. అది లోపలి గోడకి అంటుకుని గొడవ మొదలుపెడితే, ఒంట్లో ఉన్న రక్షకకణాలు పరిగెత్తుకొచ్చి దాన్నీ, దానితోపాటు మిగిలిపోయిన క్యాన్సర్‌నూ పట్టుకుంటాయి.

మందు మద్రాసు నుంచి రైల్లో వచ్చేది, థర్మోకోల్ పెట్టెలో ఐసు మధ్య. స్టేషన్‌కి నేనే వెళ్ళేదాన్ని. రైలు లేటైతే ప్లాట్‌ఫారం మీద నిలబడి నా బిడ్డ వస్తున్నట్టే ఎదురుచూసేదాన్ని. తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టడంతో నా పని అయిపోయిందనుకునేదాన్ని. అక్కడే నా మొదటి తప్పు.

ఆ ఫ్రిజ్‌లో మందు ఒక్కటే ఉండేది కాదు. ఎండాకాలం, డ్యూటీకి వచ్చిన ప్రతి ఆడపిల్లా మల్లెపూల పొట్లం అందులో పెట్టేది. ఆయమ్మ మజ్జిగ సీసా అందులోనే. నా నిమ్మకాయలు కూడా ఉండేవి, దాచడం ఎందుకు. తలుపు గంటకి పదిసార్లు తీసేవాళ్ళం. ఒక రోజు మధ్యాహ్నం కరెంటు పోయి నాలుగు గంటలు రాలేదు. వచ్చాక ఏమీ జరగనట్టు నేను సీసా తీసి మందు కలపబోతుంటే మాధవరావుగారు వచ్చారు. ఫ్రిజ్ తలుపు తెరిచి, మల్లెపూల పొట్లం ఒకటి బయటికి తీసి బల్ల మీద పెట్టారు.

"సిస్టర్‌గారూ, ఈ సీసాలో ఎవరైనా బతికున్నారా?"

నేను సీసా వెలుతురుకి ఎత్తి చూశాను. తెల్లటి పొడి ఎప్పటిలాగే ఉంది.

"అలా చూస్తే తెలియదు. చచ్చినా బతికినా ఒక్కలాగే ఉంటుంది. వేడి తగిలితే చస్తుంది. చచ్చిన మందు ఎక్కించి, మనం మందిచ్చామనుకుంటాం. ఆయన మందు పుచ్చుకున్నాననుకుంటాడు. అసలు సంగతి తెలిసేది క్యాన్సర్‌కి ఒక్కదానికే" అన్నారు. ఆ ఫ్రిజ్‌లో ఉన్న మందు సీసాలన్నీ పారేయించారు.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాటి నుంచి ఆ ఫ్రిజ్ తాళంచెవి నా బొడ్డులోకి వచ్చింది. ఎవరూ పూలు పెట్టకుండా నిప్పులు కక్కేదాన్ని. రోగులకి కూడా వదలకుండా చెప్పేదాన్ని: "ఇది ప్రాణం ఉన్న మందండీ. వేడి తగిలిందంటే చచ్చిపోతుంది. అందుకే ఐసులో పెట్టి తెస్తున్నా." ఆ మాట ఎంత గర్వంగా చెప్పేదాన్నో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నా రెండో తప్పు అక్కడే మొదలైంది. అది మొదటిదానికంటే పెద్దది.

గేరు మార్చమంటారా

షేక్ మస్తాన్‌గారు ఆర్టీసీ డ్రైవరు. విజయవాడ నుంచి అవనిగడ్డ రూటు. మనిషి పొడవు, మీసం నెరిసింది, బీడీ అలవాటు. మూత్రంలో రక్తం పడితే నెల రోజులు ఇంట్లో చెప్పకుండా దాచి, చివరికి భార్య బీబీజాన్‌గారు పసిగట్టి లాక్కొస్తే వచ్చాడు. గడ్డ పైపొరలోనే ఉంది. గీకేశారు. ఇక టీకా మందు మొదలుపెట్టాలి.

క్షయ క్రిమి చుట్టం అనగానే ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఇంట్లో దొంగ దూరాడని చెప్తే ఇంకో దొంగని పంపిస్తారా డాక్టరుగారూ?"

మాధవరావుగారికి నవ్వొచ్చింది. "కాపలావాళ్ళు నీ ఒంట్లోనే ఉన్నారయ్యా. నిద్రపోతున్నారు. వీడు లోపలికెళ్ళి గోల చేస్తే లేస్తారు."

"అంటే హారన్ కొడతాడన్నమాట."

"అంతే. హారన్ కొడతాడు."

"అయితే పర్లేదండీ, పంపండి" అన్నాడు. వైద్యం గురించి నేను విన్న వివరణల్లో అంత చక్కనిది ఇంకోటి లేదు. నేను తర్వాత రోగులందరికీ అదే చెప్పాను.

ఈ మందులో అసలు కష్టం ఎక్కించడం కాదు, ఆపుకోవడం. ట్యూబుతో లోపల నింపాక రెండు గంటలు మూత్రానికి వెళ్ళకూడదు. పావుగంటకోసారి పక్క మారాలి. వెల్లకిలా, ఎడమకి, బోర్లా, కుడికి. గోడకి అన్ని వైపులా మందు తగలాలని. పొద్దున్నుంచి నీళ్ళు తాగకూడదు. ఇదంతా చెబుతుంటే మస్తాన్‌గారు చెయ్యి అడ్డంపెట్టాడు.

"నీళ్ళు తాగకపోవడం రంజాన్ రోజాల్లో అలవాటే సిస్టరమ్మా. ఆపుకోవడమంటారా, ముప్పై ఏళ్ళ సర్వీసు. యాభై మందిని ఎక్కించుకుని దారిలో దిగుతానంటే కుదురుద్దా?"

నేను పావుగంట కాగానే "పక్క మార్చండి" అనేదాన్ని. "గేరు మార్చమంటారా" అని తిరిగేవాడు. రెండో వారానికి ఆయనే ఒక పద్ధతి కనిపెట్టాడు. రెండు గంటలంటే ఎనిమిది పావుగంటలు. ఒక్కో పావుగంటకీ ఒక్కో స్టేజీ పేరు పెట్టాడు. పటమట, పెనమలూరు, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, అవనిగడ్డ. నాది చల్లపల్లి అని తెలిసి, ఏడో పక్క తిరిగేటప్పుడు "సిస్టరమ్మా, మీరు దిగాల" అని కేకేసేవాడు. మిగతా మంచాల వాళ్ళు కూడా అదే పట్టుకున్నారు. ఎవరికైనా మందు ఎక్కించి అటుగా వెళ్తూ "ఎక్కడిదాకా వచ్చారు?" అంటే "కంకిపాడు దాటామండీ" అనేవారు. నేను కూడా వాళ్ళ భాషలోనే చెప్పేదాన్ని, "అవనిగడ్డ దాకా ఆపుకోండి" అని.

రెండో వారం మందు ఎక్కించుకుని ఇంటికెళ్ళాక ఆయనకి మూత్రం మండిందట, ఆ సంగతి నాకు చాలా తర్వాత తెలిసింది. అది ఉండాల్సిందే. హారన్ మోగితే చెవులు అదరవూ? ఒకటి రెండు రోజులు మంట, మాటిమాటికీ వెళ్ళడం, కాస్త ఒళ్ళు వెచ్చబడడం మామూలు. చలితో వణుకు వచ్చి జ్వరం దిగకపోతే మాత్రం వెంటనే రావాలి, అది వేరే సంగతి, అప్పుడు ప్రాణం మీదికొస్తుంది. ఇదంతా చెప్పానా? చెప్పాను. వణుకు సంగతి గట్టిగా చెప్పాను. మంట మామూలేనని కూడా అన్నాను, వెళ్ళిపోయేవాళ్ళ వెనక అన్నాను, గుమ్మం దగ్గర.

మూడో వారం అడిగితే "మంటేం లేదమ్మా, చల్లగా ఉంది" అన్నాడు. నాలుగో వారం అదే. ఐదు, ఆరు కూడా. "ఇంకేమైనా మందులు వాడుతున్నావా?" అని డాక్టరుగారు అడిగితే "లేదండీ" అన్నాడు. నేను మురిసిపోయాను. వార్డులో మిగతావాళ్ళు మూలుగుతుంటే, "ఆ మస్తాన్‌గారిని చూసి నేర్చుకోండి" అని దెప్పేదాన్ని. కొత్తగా చేరే పిల్లలకి నేను చెప్పేది ఇది. రోగి బాధ లేదంటే సంతోషించకండి, ఎందుకు లేదో అడగండి. ఉండాల్సిన బాధ లేకపోవడం కూడా ఒక లక్షణమే.

స్టీరింగ్ తగులుద్దా అండీ

మూడు నెలలకి మళ్ళీ గొట్టం వేసి చూశారు. గోడ మీద రెండు చోట్ల మళ్ళీ మొలిచింది.

మాధవరావుగారు దంపతులిద్దరినీ గదిలో కూర్చోబెట్టి చెప్పారు. నేను పక్కనే ఉన్నాను. మందు పని చేయలేదు, ఇంకా ఆలస్యం చేస్తే కండలోకి దిగుతుంది, మూత్రాశయం తీసేయడమే మంచిది, ఆ తర్వాత పొట్ట మీద చిన్న దారి చేసి దానికి ఒక సంచీ తగిలిస్తాం, మూత్రం అందులో పడుతుంది. అంతా నెమ్మదిగా, దాచకుండా చెప్పారు.

మస్తాన్‌గారు తన పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఆ సంచీకి స్టీరింగ్ తగులుద్దా అండీ?"

"బస్సు నడపడం కుదరదు మస్తాన్" అన్నారు డాక్టరుగారు.

ఆయన తల ఊపాడు. బతుకుతానా లేదా అని అడగలేదు. ఆ బండి, ఆ రూటు, ఆ మీసం మీద చెయ్యేసుకుని అద్దంలో వెనక్కి చూసే చూపు, అదే ఆయన బతుకు. అవి పోతే ఇంకేం మిగుల్తుందో ఆయనకి తెలియలేదు. నాకూ తెలియలేదు. ఆపరేషన్ వచ్చే గురువారమని రాసుకున్నారు.

సంచీ ఎలా మార్చాలో భార్యకి చూపించమని నన్ను పురమాయించారు. వరండాలో బెంచీ మీద బీబీజాన్‌గారిని కూర్చోబెట్టి మొదలుపెట్టబోతుంటే, ఆవిడ కళ్ళు తుడుచుకుని చేతిసంచీలోంచి ఒక బిళ్ళల అట్ట తీసింది.

"అయితే ఇంక వీటితో పని లేదా సిస్టరమ్మా? ఆపెయ్యమంటారా?"

"ఏంటవి?"

"వేడిబిళ్ళలు."

అట్ట తీసుకుని చూశాను. మూత్రంలో చీము పట్టినప్పుడు ఇచ్చే మందు. క్రిముల్ని చంపే మందు.

"ఇవి ఎవరిచ్చారు? ఎందుకు వేసుకున్నారు?"

"మా వీధి మందుల షాపులో అడిగితే ఇచ్చారు. రెండోసారి మందు పెట్టించుకున్నాక ఆయనకి బాగా వేడి చేసింది. ఒకటే మంట. మందుకి వేడి తగిలితే చచ్చిపోద్దని మీరేగా చెప్పారు? ఇంత ఖరీదైన మందు, ఐసులో పెట్టి మద్రాసు నుంచి తెప్పించింది, లోపల వేడికి ఏమైపోద్దోనని మా భయం. సబ్జాగింజలు నానబెట్టి పట్టా. కొబ్బరినీళ్ళు, బార్లీ. అయినా తగ్గకపోతే ఈ బిళ్ళలు. మీ దగ్గరికొచ్చే రోజు పొద్దున్నే ఒకటి తప్పకుండా ఏసుకునేవారు. మందు వెళ్ళేసరికి లోపల చల్లగా ఉండాలని."

తెలుగువాళ్ళకి వేడి ఒకటా? ఒళ్ళు కాగితే వేడి. మామిడిపండు వేడి. మూత్రం మండితే వేడి చేసింది. నేను ఐసుపెట్టె ముందు నిలబడి వేడి అన్నాను. ఆయన తన ఒంట్లో ఉన్న వేడి అనుకున్నాడు. ఇంటికొచ్చే చుట్టానికి గది చల్లబరిచినట్టు, ఆ మందు కోసం తన ఒళ్ళు చల్లబరిచి ఉంచాడు. ఆ చల్లబరచడంలోనే దాన్ని చంపాడు. డాక్టరుగారు మందులు వాడుతున్నావా అంటే లేదన్నాడు, అబద్ధం కాదు. వేడిబిళ్ళ మన ఊళ్ళో మందు కింద లెక్కేమిటి?

తలుపు వేయండి

చెప్పుకోవలసిన మాట ఒకటుంది. ఆ అట్ట పట్టుకుని నేను డాక్టరుగారి గదికి వెంటనే వెళ్ళలేదు. స్టోరు గదిలోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. మందు పని చేయలేదని కాగితం మీద రాసేశారు. కొందరికి పని చేయదు, అది అందరికీ తెలిసిందే. మల్లెపూల రోజు తర్వాత డాక్టరుగారు నన్ను ఎంత నమ్మారో కూడా గుర్తొచ్చింది. ఆ నమ్మకం పోగొట్టుకోవడం నాకు చాలా భయం. కానీ స్టీరింగ్ తగులుద్దా అన్న మాట చెవుల్లోంచి పోలేదు. ప్రార్థన చేసుకుని వెళ్ళాను.

"డాక్టరుగారూ, మస్తాన్‌గారి సంగతి ఒకటి చెప్పాలండీ."

అట్ట బల్ల మీద పెట్టి జరిగినదంతా చెప్పాను. ఆయన అట్ట తిప్పి చూశారు.

"సిస్టర్‌గారూ, తలుపు వేయండి."

వేశాను.

"ఎన్ని వారాలు వేసుకున్నాడు?"

"మూడో వారం నుంచి చివరిదాకా అండీ. తప్పు ఆయనది కాదండీ. నా మాటది. వేడి తగిలితే చస్తుందని నేనే చెప్పాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ మాట నీకు నేర్పిందెవరు?"

జవాబూ ఆయనే చెప్పారు.

"నేనే. ఆ రోజు ఫ్రిజ్ దగ్గర. మందులు వాడుతున్నావా అని నేను అడిగిన ప్రశ్న కూడా అలాగే ఏడ్చింది. బిళ్ళలేమైనా వేసుకుంటున్నావా అని అడగాలి." అట్ట పక్కన పెట్టారు. "అంటే మందు పని చేయకపోవడం కాదు. మనం మందు ఎక్కించనే లేదు. ఆరుసార్లలో నాలుగుసార్లు చచ్చినదాన్ని ఎక్కించాం."

"గురువారం ఆపరేషన్ అండీ..."

"మొలిచినవి గీకి పరీక్షకి పంపుతాను. ఇంకా పైపొరే అయితే ఇంకొకసారి ఆరు వారాలు ఇద్దాం. లోపలికి దిగి ఉంటే మాత్రం ఆగేది లేదు, తీసేయాల్సిందే. పని చేస్తుందని హామీ ఇవ్వలేను. ఆ సంగతి అతనికి నేనే చెప్తాను. బిళ్ళల సంగతి నువ్వు చెప్పు, నీ మాటల్లో, ఈసారి సరిగ్గా." తలుపు దాకా వెళ్ళిన నన్ను మళ్ళీ పిలిచారు.

"అమ్మాయ్. పరీక్ష జవాబు రాగానే మద్రాసుకి ఫోన్ చెయ్యి."

ఆ ఒక్క పిలుపుతో నాకు ఏడుపు ఆగలేదు. పెద్ద డాక్టర్ల గొప్పతనం కత్తి పట్టడంలో ఉంటుందని అందరూ అంటారు. తప్పులో తన వాటా తను తీసుకునేవాడి దగ్గర పని చేస్తేనే, కింద ఉన్నవాళ్ళు నిజం చెబుతారు. అరిచే డాక్టరు దగ్గర నేను ఆ అట్ట చెత్తబుట్టలో వేసేదాన్నేమో. అలాంటి వాళ్ళ దగ్గర కూడా పని చేశాను కాబట్టి చెబుతున్నాను.

పరీక్ష జవాబు పైపొరే అని వచ్చింది. పుండు మానేదాకా ఆగి మళ్ళీ మొదలుపెట్టాం.

మంటుందా

మస్తాన్‌గారికి బిళ్ళల సంగతి చెప్పినప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను.

"అంటే ఆ హారన్ కొట్టేవాణ్ణి నేనే చంపానా సిస్టరమ్మా?"

"ఇద్దరం కలిసి చంపామండీ. ఈసారి ఇద్దరం కలిసి బతికిద్దాం. మంట వచ్చిందనుకోండి, వాడు లోపల బతికున్నట్టు. కొబ్బరినీళ్ళు ఇంటికెళ్ళాక ఎన్నైనా తాగండి. బిళ్ళ మాత్రం, అది తలనొప్పిదైనా సరే, నన్నడక్కుండా వద్దు."

రెండో వారం తర్వాత ఆయన గోడ పట్టుకుని వచ్చాడు. ముఖం పీక్కుపోయింది. ఎలా ఉందండీ అంటే పళ్ళు బిగించి, "బతికే ఉన్నాడమ్మా, గట్టిగా కొడుతున్నాడు" అన్నాడు. నేను నవ్వాను. బీబీజాన్‌గారు "మీకు నవ్వెట్టా వస్తాందమ్మా" అని కసిరింది. ఆవిడ కోపం న్యాయమే. ఒక మనిషి బాధ చూసి మనసు కుదుటపడడం ఈ ఉద్యోగంలోనే ఉంది, దానికి నేను ఎప్పటికీ అలవాటు పడలేదు.

ఈసారి ఆపుకోవడం తేలిక కాలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసు గొప్పంతా ఉయ్యూరు దగ్గరే అయిపోయేది. పామర్రుకి చెమటలు. నేను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని స్టేజీలు నేనే చెప్పేదాన్ని. "కూచిపూడి దాటాం. అదుగో చల్లపల్లి, నేను దిగను లెండి, మీతోపాటు చివరిదాకా వస్తా." ఒకసారి ఆయన నా చెయ్యి పట్టుకుని అవనిగడ్డ దాకా వదల్లేదు. చేతి మీద ఆయన వేళ్ళ గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి.

మళ్ళీ చూసే రోజు నేను బల్ల పక్కన నిలబడ్డాను. డాక్టరుగారు గొట్టంలోకి చాలాసేపు చూశారు. అన్ని వైపులా తిప్పి చూశారు. తర్వాత ఎప్పుడూ చేయని పని చేశారు. పక్కకి జరిగి, "అమ్మాయ్, నువ్వు చూడు" అన్నారు.

కన్ను ఆనించాను. లేత గులాబీ రంగు గోడ, సన్నటి ఎర్రటి నరాలు, ఇంకేమీ లేదు. నా ఉద్యోగంలో అంత అందమైనది నేను చూడలేదు.

"రోడ్డు ఎలా ఉందమ్మా?" అన్నాడు మస్తాన్‌గారు అటునుంచి.

"ఖాళీగా ఉందండీ" అన్నాను.

పామర్రు

ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు చెకప్‌కి వచ్చాడు, మధ్యమధ్య మందు ఎక్కించుకున్నాడు. గోడ అలాగే ఉంది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇస్తే ఆర్టీసీ వాళ్ళు మళ్ళీ బండి ఎక్కించారు. అందరికీ ఇలా జరగదు. అన్నీ సరిగ్గా చేసినా మందు పని చేయనివాళ్ళని చూశాను, వాళ్ళకి సంచీ మార్చడం నేనే నేర్పాను. ఆ సంచీతో నవ్వుతూ తిరిగినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ గురించి ఇంకోలా రాయాలి, తక్కువ చేసి కాదు.

శాంతీ, మీ సంచీల్లో ఉన్న కణాలు నా సీసాలో ఉన్న క్రిమి కంటే ఎంతో తెలివైనవట. కానివ్వు. వాటిని మోసుకెళ్ళేది మాత్రం మన మాటే. అది రోగి ఇంట్లోకి వెళ్ళి ఏ అర్థం తెచ్చుకుంటుందో, వంటింట్లో ఏమవుతుందో, మందుల షాపులో ఏం కొనిపిస్తుందో కనుక్కో. చెప్పినది తిరిగి వాళ్ళ నోట చెప్పించు. నేను ఆ తర్వాత ఏ రోగి దగ్గరా 'వేడి' అన్న మాట వాడలేదు. "ఎండ, పొయ్యి సెగ తగిలితే ఈ సీసాలో మందు పాడవుతుంది" అనేదాన్ని. మాట పొడుగైతే అయింది.

రెండువేల సంవత్సరం దాటాక ఒక ఆదివారం చల్లపల్లి వెళ్తూ అవనిగడ్డ బస్సెక్కాను. మస్తాన్‌గారి బండి. డ్రైవరు వెనక సీటు ఖాళీ చేయించి నన్ను కూర్చోబెట్టాడు. ఆ మందుతో కొందరికి మూత్రాశయం కాస్త ముడుచుకుంటుంది. ఆయనకీ అంతే, మునుపటిలా పట్టదు. ఉయ్యూరులో బండి ఆపి దిగి వెళ్ళొచ్చాడు. పామర్రులో మళ్ళీ ఇంజను ఆపి దిగాడు.

నా వెనక కూర్చున్న ఖద్దరు చొక్కా ఆయన విసుక్కున్నాడు. "ఇదేం డ్రైవరండీ. ఊరికో చోట దిగుతాడు. కాసేపు ఆపుకోలేడా?"

"ఆపుకున్నారండీ" అన్నాను వెనక్కి తిరిగి. "ఆయన ఆపుకోవలసిందంతా ఎప్పుడో ఆపుకున్నారు. ఇక కానివ్వండి."

ఆ పెద్దమనిషికి ఏమీ అర్థం కాలేదు. మస్తాన్‌గారు తీరిగ్గా నడిచొచ్చి, స్టీరింగ్ ముందు సర్దుకుని కూర్చున్నాడు. అద్దంలో నన్ను చూశాడు. ముందు రోడ్డు మీద మనిషి గానీ గొడ్డు గానీ లేదు. అయినా ఒకసారి గట్టిగా హారన్ కొట్టి బండి కదిలించాడు.